పాత యాంప్లిఫయర్ల రిపేరుకు సీరీస్ బల్బు: ఎనిమిదేళ్లు వాడాక

ఇంట్లో పాత యాంప్లిఫయర్లు బాగుచేయడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. ఈలోపు మంచి మీటరు కొన్నాను, వేడి తగ్గించి పెంచుకునే సోల్డరింగ్ స్టేషన్ కొన్నాను. అయినా నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెక్క మీద బిగించిన ఒక హోల్డరు, అందులో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, పక్కన ఒక సాకెట్టు. ఫేజు వైరు బల్బు గుండా సాకెట్టుకు వెళ్తుంది. ఎలక్ట్రీషియన్లు సీరీస్ బోర్డు అంటారు. బాగుచేసిన సెట్టును మొదట ఈ సాకెట్టులోనే పెట్టి చూస్తాను. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, ఫిలమెంటే ఉండాలి.

ఆ ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు 40 ఓమ్‌లు అటూ ఇటుగా ఉంటుంది, పూర్తిగా వెలిగితే 500 దాటుతుంది. అందుకే బాగున్న యాంప్లిఫయర్‌కు కరెంటు దాదాపు అడ్డు లేకుండా వెళ్తుంది. లోపల షార్ట్ ఉంటే మాత్రం బల్బే భారమంతా మోస్తుంది, అర ఆంపియర్ కూడా దాటనివ్వదు. స్విచ్ వేయగానే బల్బు ఒకసారి వెలిగి మెల్లగా మసకబారిందంటే లోపల ఛార్జి దాచుకునే ఫిల్టర్ కెపాసిటర్లు నిండాయని అర్థం. నేను ఊపిరి పీల్చుకునేది అప్పుడే.

ఇది ఎంత మేలు చేసిందో రెండేళ్ల కిందట తెలిసింది. మా మావయ్య ఊళ్లో మైక్‌సెట్ నడిపేవాడు. ఇంట్లో పాటలు వినడానికి 1986లో హైదరాబాద్ కోఠిలో ఒక స్టీరియో యాంప్లిఫయర్ కట్టించుకున్నాడు. పవర్ ట్రాన్సిస్టర్లు అప్పట్లో అందరూ వాడిన 2ఎన్3055లే. కుడి ఛానెల్ పోయి చాలా ఏళ్లుగా అటక మీద ఉంది. "ఒరేయ్, ఇది మళ్లీ పాడితే చాలురా, పెయింటు సంగతి తర్వాత" అన్నాడు.

పోయిన జత తీసి కొత్తవి వేశాను. ట్రాన్సిస్టర్‌కూ, దాని వేడి లాగే లోహపు హీట్‌సింక్‌కూ మధ్య కరెంటు పారకుండా పెట్టే మైకా ముక్కలు మార్చాను, వేడి బాగా దాటడానికి పేస్టు రాశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నాను. సీరీస్ బోర్డులో పెట్టి స్విచ్ వేస్తే బల్బు ధగధగా వెలిగింది, తగ్గలేదు. వెంటనే ఆపేశాను. ట్రాన్స్‌ఫార్మరే పోయిందేమోనని గుండె జారింది, ఎందుకంటే అలాంటిది మళ్లీ చుట్టించడం తేలిక కాదు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తర్వాతి వైర్లు విప్పి మళ్లీ స్విచ్ వేశాను. బల్బు ఆరిపోయింది. అంటే ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్ రెండూ బాగున్నాయి, తప్పు వాటి తర్వాతి భాగంలో ఉంది.

ఈ ట్రాన్సిస్టర్ లోహపు ఒళ్లే దాని కలెక్టర్, అంటే దాని మూడు కాళ్లలో ఒకటి. మైకా లేకపోతే నేరుగా హీట్‌సింక్‌కు తగులుతుంది. మీటరు పెడితే ఒక ట్రాన్సిస్టర్ ఒంటికీ ఛాసిస్‌కూ (సెట్టు లోహపు చట్రానికీ) మధ్య బీప్ వచ్చింది, అంటే రెండూ తగులుతున్నాయి. విప్పి చూస్తే, ఎప్పుడో ఎవరో స్క్రూ బెజ్జం పెద్దది చేసినప్పుడు అంచున లేచిన సన్నటి అల్యూమినియం పొర మైకాను పొడిచేసింది. ఫైలుతో అంచు నున్నగా చేసి కొత్త మైకా వేశాను. బల్బు వెలిగింది, మసకబారింది. స్పీకరు టెర్మినళ్ల దగ్గర డీసీ 20 మిల్లీవోల్టులే, స్పీకరుకు భయం లేదు. తర్వాత చూసుకుంటే, సప్లై ఫ్యూజు ఉండాల్సిన చోట ఎవరో లావు రాగి తీగ చుట్టి ఉన్నారు. బల్బు లేకుండా నేరుగా కరెంటు ఇచ్చి ఉంటే రెక్టిఫయర్‌లోని డయోడ్లు కాలిపోయేవి, ట్రాన్స్‌ఫార్మర్ కూడా దక్కేదని నమ్మకం లేదు.

ఆ రోజుల్లో స్నేహితులందరికీ "బల్బు ఉంటే ఏదీ కాలదు" అని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. అదే యాంప్లిఫయర్‌కు బల్బు మీద ఉండగానే బయాస్ పెట్టాను, అంటే పాట లేనప్పుడు కూడా పవర్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు సరిచేశాను. 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద 11 మిల్లీవోల్టులు, అంటే 50 మిల్లీఆంపియర్లు. బల్బు తీసి నేరుగా పెట్టాక సప్లై వోల్టేజీ పెరిగింది, దాంతో బయాస్ కూడా పెరిగింది. పది నిమిషాల్లో హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత కాలింది. ఆపి, చల్లారనిచ్చి, నేరుగా కరెంటు మీదే మళ్లీ సరిచేశాను. బయాస్ బల్బు మీద పెట్టే పని కాదు.

ఇంకో మాట, ఇది షాక్ కొట్టకుండా ఆపదు. లోపల ఉండే మెయిన్స్, అంటే ఇంటి కరెంటు, మెయిన్సే. కెపాసిటర్లలో ఛార్జి కూడా స్విచ్ తీసిన వెంటనే పోదు. చాలా ఏళ్లు మూలపడ్డ సెట్టు అయితే నేను ముందు 40 వాట్ల బల్బుతో కాసేపు ఉంచుతాను, ఆ తర్వాతే 100 వాట్లది.

నేను ఏడాదికి మూడు నాలుగు సెట్లే పట్టుకుంటాను, అవీ చుట్టాలవీ స్నేహితులవీ. నా పనికి ఈ బోర్డు చాలు. రోజూ రిపేర్లు చేసేవాళ్లకు వోల్టేజీని మెల్లగా పెంచే వేరియాక్, సెట్టును మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కుదరదనుకుంటాను. మా వీధి షాపులో ఫిలమెంట్ బల్బులు దొరకడం తగ్గింది, అందుకని నాలుగు కొని అలమరలో పెట్టుకున్నాను.