చిలక ముక్కు రాయి

ముందే చెప్తున్నా, చెన్నైలో ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం వెళ్లకండి, సెలవు. ఆ సంగతి మా ఆటోవాడికి తెలుసు. గేటు ముందు దింపి, 150 తీసుకున్నాక గానీ చెప్పలేదు. పైగా తెలుగువాడే, సూళ్లూరుపేట అట!

ఆ ఖాళీ పూటే మా కొంప ముంచింది. పాత సామాన్ల కొట్టువాడొకడు మావారి చేతిలో ఓ రాయి పెట్టి, ఆదిమానవులు చిలక ఆకారంలో చెక్కిన పనిముట్టన్నాడు. ముక్కుంది, కన్నుంది, బొటనవేలు ఆనించే గుంట కూడా ఉంది. 2,000 చెప్పి 1,200కి ఇచ్చాడు. బేరం గెలిచిన హుషారులో, 1,400 గుంజిన లాడ్జిలో వేడినీళ్లు రాకపోయినా ఈయన ఒక్క మాట అనలేదు.

శనివారం మ్యూజియంలో అద్దాల వెనక అసలువి చూశాం. 1863 మే 30న పల్లావరం దగ్గర కంకర గుంటలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్తకి ఒక చేగొడ్డలి, అంటే చేత్తో పట్టుకుని వాడే రాతి పనిముట్టు, దొరికింది. మన దేశంలో పాతరాతియుగం వెలుగులోకొచ్చింది దాంతోనే. తర్వాత మన నంద్యాల జిల్లా (అప్పటి కర్నూలు) బిల్లసర్గం గుహలు తవ్వించిందీ ఆయనే. ఆయన పోగుచేసిన రాళ్లు ఇక్కడే ఉన్నాయి.

చేగొడ్డలి బాదంగింజలా ఉంటుంది. తల వంచి చూస్తే చేప, ఇంకాస్త వంచితే పావురం. మబ్బుల్లో ఏనుగులు కనపడవూ, అలాగే. కానీ మనిషి చెక్కిన రాయికి రెండు వైపులా పెచ్చులు లేపిన గుంటలు ఒకదాని మీదకొకటి ఎక్కి ఉంటాయి, అంచు వంకరటింకరగా పోతుంది. మా చిలక ఒళ్లంతా ఏటి గులకరాయి నునుపే. ముక్కు దగ్గర, కంటి దగ్గర మాత్రం కోత. ఆ కోతలో రాయి తెల్లగా, నిన్న కోసినట్టుంది. గోటితో తడిమితే మెషిన్ గీతలు తగిలాయి.

"అది వేరే రకమై ఉంటుందిలే" అన్నారు మావారు. అక్కడున్న ఉద్యోగికి చూపిస్తే నవ్వి, "వెరుం కల్లు సార్" అన్నాడు. తమిళంలో ఉత్త రాయి అని. ఈయనకి కల్లు ఒక్కటే వినపడి, "తాగొచ్చానంటాడేంటి!" అని గుర్రుమన్నారు. మధ్యాహ్నం భోజనం మానేశారు. నేను మానలేదు, 160 రూపాయల మీల్స్‌లో వత్తకుళంబు అమోఘం.

ఆదివారం 2,800కి కారు మాట్లాడుకుని చెన్నై దగ్గరి పూండి వెళ్లాం. ఆ చుట్టుపక్కలే అత్తిరంపాక్కం, దాదాపు 15 లక్షల ఏళ్లనాటి పనిముట్లు దొరికిన చోటు. పూండిలో ఆదిమానవుల మ్యూజియం చిన్నదే అయినా తీరిగ్గా చూడొచ్చు. ఈయన కారు దిగలేదు.

తిరుగు రైల్లో గూడూరు దాటాక చూద్దును కదా, పక్క సీటాయనకి సంచిలోంచి రాయి తీసి చూపిస్తున్నారు. "రెండు వేలు చెప్పాడండీ, నేను పడతానా?"

నేను కిటికీ వైపు తిరిగిపోయాను.