పార్కు ప్రణాళికకు మైన్‌క్రాఫ్ట్: స్థలం తెలుస్తుంది, చెట్టు తెలియదు

దిమ్మెలు పేర్చి కట్టడాలు కడుతూ పిల్లలు ఆడుకునే కంప్యూటర్ ఆట మైన్‌క్రాఫ్ట్‌ను పార్కులు, బహిరంగ స్థలాల రూపకల్పనకు వాడే 'బ్లాక్ బై బ్లాక్' కార్యక్రమాన్ని నగరాలు, నివాసాల మెరుగుదలకు పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్ హాబిటాట్, ఆ ఆటను తయారు చేసిన స్వీడన్ సంస్థ మొజాంగ్ కలిసి 2012లో ప్రారంభించాయి. కెన్యా రాజధాని నైరోబీలోని కిబేరా మురికివాడలోనూ, నేపాల్‌లోని కీర్తిపూర్‌లో డే పుఖూ అనే పాత కోనేటి పరిసరాల విషయంలోనూ, ముంబయిలోనూ దీన్ని వాడారు.

స్థలం ప్రస్తుత రూపాన్ని ముందుగా ఆటలో కట్టి ఉంచుతారు. స్థానికులు అసలు స్థలాన్ని నడిచి చూశాక, ఒక్కో కంప్యూటర్ వద్ద కొందరు చొప్పున కూర్చుని తమకు కావలసిన మార్పులు చేసి, వాటిని అధికారులకు వివరిస్తారు. ఈ సాధనం విలువంతా ఇక్కడే ఉంది. కాగితం మీది ప్లాను పైనుంచి చూసిన బొమ్మ. దాన్ని చదవడం అలవాటు లేనివారు సమావేశంలో మౌనంగా ఉండిపోతారు. మైన్‌క్రాఫ్ట్‌లో మనిషి కంటి ఎత్తు నుంచి నడుస్తూ చూస్తారు కనుక, ఈ గోడ వెనుక చీకటిగా ఉంటుందని, ఈ బెంచీ దారికి అడ్డమని ఎవరైనా చెప్పగలుగుతారు. వియత్నాం రాజధాని హనోయ్ శివారులోని కిమ్ చుంగ్‌లో బాలికలు తమ భద్రత కోణంలో వీధులను ఇలాగే పరిశీలించారు.

పచ్చదనం విషయానికి వస్తే మాత్రం నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. ఆటలో ఎముకల పొడి వేస్తే మొక్క క్షణాల్లో చెట్టవుతుంది, నీటి ఊట ఎన్నటికీ ఎండిపోదు, వేళ్లు కాలిబాటను పగలగొట్టవు. ఓక్, బర్చ్, అకేషియా ఉన్నాయి గానీ, మన వీధుల్లో నీడనిచ్చే వేప, కానుగ, రావి లేవు. వేప మొక్క నిజంగా నీడనివ్వడానికి ఏళ్లు పడుతుందనీ, మొదటి వేసవులలో దానికి ఎవరో నీళ్లు పోయాలనీ ఆ తెర చెప్పదు. ఒక్కో దిమ్మె మీటరు ఘనం కావడం వల్ల, వాన నీరు ఎటు పారుతుందో నిర్ణయించే స్వల్పమైన వాలును చూపడం కూడా కష్టమే.

అయినా, మన కాలనీల పార్కులకు దీన్ని వాడమనే సిఫారసు చేస్తాను. అయితే ప్రతి జట్టు పక్కన ఒక అనుభవజ్ఞుడైన తోటమాలి కూర్చోవాలి. నాటిన ప్రతి చెట్టుకూ నీరు ఎక్కడిది, పదేళ్లకు దాని కొమ్మలు ఎంత మేర పరుచుకుంటాయి అన్న ప్రశ్నలు నమూనా ఖరారు కాకముందే అడగాలి.