అరకు ఒక్కరోజులో చూపించమంటే

హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసిందంటే, బాగోగులు అడగడం అయ్యాక రెండో మాట అదే. "వదినా, సెలవులకి వస్తున్నాం, ఒక్కరోజు అరకు చూసొచ్చేద్దాం." విశాఖలో కాపురం ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలిసే ఉంటుంది. చుట్టాలకి మన ఊరంటే ఆర్కే బీచ్, కైలాసగిరి, అరకు. గైడ్లమూ మనమే, ఫొటోలు తీసేదీ మనమే.

మొదటిసారి సరే అనేశాం. తెల్లవారుజామున ఐదింటికి రెండు కార్లలో బయలుదేరాం. అరకు ఇక్కడికి దాదాపు 115 కిలోమీటర్లు. లెక్కకి మూడు గంటలే. కానీ శృంగవరపుకోటలో టిఫిన్, ఘాట్ ఎక్కాక పిల్లలకి వాంతులు, ఒక కారు కోసం ఇంకో కారు ఆగడం... బొర్రా చేరేసరికి పదిన్నర. గుహల్లో గంటన్నర, భోజనానికి గంట, గిరిజన మ్యూజియంలో అరగంట, పద్మాపురం గార్డెన్స్‌లో ఇంకో అరగంట. చీకటి పడితే మంచులో ఘాట్ దిగడం కష్టమని నాలుగున్నరకే తిరుగు ప్రయాణం. ఇల్లు చేరాక మావారు చెప్పులు విప్పుతూ లెక్క చెప్పారు: "కూర్చున్నది తొమ్మిది గంటలు, తిరిగింది మూడున్నర." అప్పట్నుంచి ఎక్కడికి వెళ్ళినా మా ఇంట్లో ఈ లెక్క వేస్తాం.

రెండోసారి మాత్రం నా మాట నెగ్గింది. పొద్దున్న ఏడు లోపే విశాఖలో బయలుదేరే కిరండూల్ పాసింజర్‌లో వెళ్ళాం, రాత్రికి అనంతగిరిలో ఉన్నాం, మర్నాడు కారులో దిగాం. కారుని డ్రైవర్ ఖాళీగా పైకి తెచ్చాడు, దానికి అదనంగా ఇచ్చుకున్నాం. డబ్బు దండగ అని అన్నయ్యగారు మొదట సణిగారు గానీ, రైలు కొండెక్కడం మొదలుపెట్టాక తలుపు దగ్గర్నుంచి కదిల్తే ఒట్టు.

ఈ లైను 1960ల్లో వేసింది మనలాంటి వాళ్ళ షికారుకి కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి. ఇప్పటికీ ఎదురుగా ఖనిజం గూడ్సు వస్తే పక్కన పొడుగు మీసంలా సాగిపోతూనే ఉంటుంది, మన రైలు ఏ చిన్న స్టేషన్లోనో ఆగి చూస్తుంటుంది. పిల్లలు సొరంగాలు లెక్కపెట్టారు. ముప్ఫై దాటాక ఇద్దరి లెక్క తేడా వచ్చి కొట్టుకున్నారు.

అద్దాల పెట్టె గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 2017లో వచ్చిన విస్టాడోమ్ బోగీకి పైకప్పు కూడా అద్దమే, కుర్చీలు తిప్పుకోవచ్చు, ఏసీ. పెద్దవాళ్ళతో వెళ్తే అదే మేలు, కానీ టికెట్లు ముందుగానే అయిపోతాయి. మాకు దొరకలేదు. ఇప్పుడనిపిస్తుంది, దొరక్కపోవడమే మంచిదైంది. మామూలు పెట్టెలో కిటికీ తీసుకోవచ్చు, కొండగాలి మొహానికి కొడుతుంది, జామకాయలవాడు వస్తాడు, సొరంగం రాగానే బోగీ అంతా ఒక్కసారి కేకలు పెడుతుంది. ఏసీ అద్దాల వెనక ఇవేవీ ఉండవు.

బొర్రా గుహలు మాత్రం ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. సున్నపురాయిని నీళ్ళు కరిగించి కరిగించి చేసిన పని. పైనుంచి వేలాడే రాళ్ళ కొసన ఇప్పటికీ చుక్క నిలబడి ఉంటుంది. మా అమ్మాయి చెయ్యి చాపి ఒక చుక్క కోసం ఎంతసేపు నిలబడిందో. లోపల మెట్లు చాలానే ఉన్నాయి, తడికి జారతాయి. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య మొదటి హాలు చూసి, చాల్లే అని అక్కడే కూర్చున్నారు. బయట కోతులున్నాయి, చేతిలో తినేవేవీ కనబడనివ్వకండి.

అనంతగిరిలో ఉండమని ఎందుకంటానంటే, అక్కడ సాయంత్రం చెయ్యడానికి పనేమీ లేదు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగ, కింద కాఫీ మొక్కలు. వాటి మధ్య నడవడమే. అరకు ఊళ్ళో బస అంతకుముందు ఒకసారి చూశాం. పేరు చెప్పను గానీ, ఫొటోలో లోయ కనబడిన గది కిటికీ నిజానికి పార్కింగ్ వైపు తెరుచుకుంది. గీజర్ పని చెయ్యదు, వేడినీళ్ళు బకెట్‌కి 50 రూపాయలు. అడిగితే "సీజన్ కదండీ" అన్నాడు. గది తీసుకునే ముందు ఫోన్లో రెండే అడగండి: కిటికీ ఎటు, వేడినీళ్ళు ఎప్పటిదాకా. టూరిజం వాళ్ళ బసలు అరకులో, అనంతగిరిలో, దారిలో టైడా అడవిలో ఉన్నాయి. చలికాలం శనాదివారాలకి చాలా ముందే చూసుకోవాలి.

బొంగులో చికెన్ గురించి ఒక్క మాట. డ్రైవర్ ఆపిన చోట తినకండి. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె ఉండదు. బొంగు బయట నల్లబడి, ఆకు పక్కనుంచి ఆవిరి బుసబుసమంటూ రావాలి. మన కళ్ళముందు నిప్పుల మీద పెట్టేచోట తింటే అరగంట ఆగాలి, కానీ ఆ రుచి వేరు. ముందే కాల్చి వేడి చేసిచ్చేది మామూలు కోడికూరే.

చలికాలంలో మావారూ నేనూ ఇద్దరమే వెళ్ళింది లంబసింగి, వంజంగి. నర్సీపట్నం మీదుగా లంబసింగి. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి బయట ఉన్నవాడు పొద్దుటికి కొర్రలా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడని అర్థం చెప్తారు. మాకు బిగుసుకుపోయింది ట్రాఫిక్. ఆదివారం పొద్దున్న ఆ సన్న రోడ్డు మీద కార్లు, బైకులు, మంచు కంటే ఎక్కువగా నెగళ్ళ పొగ. వెళ్తే పనిరోజున వెళ్ళండి, లేదా మానెయ్యండి. పాడేరు దగ్గర వంజంగి కొండ మాత్రం ఇంకోలా ఉంది. నాలుగింటికి సెల్‌ఫోన్ లైటుతో ఎక్కడం మొదలుపెట్టాం. మొదటిరోజు పైకెళ్తే అంతా తెల్లగా ఉంది, మేమే మబ్బులో ఉన్నాం, ఏమీ కనబడలేదు. రెండో రోజు మళ్ళీ ఎక్కాం. మబ్బు కింద పాలకుండ పొంగినట్టు పరుచుకుని, మధ్యలో కొండ కొమ్ములు మాత్రం పైకి తేలాయి. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో ఈ ఎక్కుడు వద్దు. ఇద్దరే అయితే రెండు రాత్రులు పెట్టుకోండి, ఒక్కరాత్రి అంటే లాటరీ.

ఇక పూట ట్రిప్పులు. మా లెక్కలో ఎప్పుడూ లాభం చూపించేవి ఇవే.

భీమిలి రోడ్డు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఎండ రాకముందే ఎర్రమట్టి దిబ్బలు, తర్వాత తొట్లకొండ, మధ్యాహ్నానికి భీమిలి. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, పేరు అందుకే. అక్కడ నిలబడితే కింద సముద్రం చూసి మాట రాదు. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, 1861లో మునిసిపాలిటీ అయిన ఊరి పాత వీధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు. ఇది బొర్రా దగ్గర చూసిన నీళ్ళేనా అని మా అమ్మాయి అడిగింది. అవే, తాటిపూడి రిజర్వాయరు దాటి ఇక్కడిదాకా వచ్చాయని మావారు చెప్తే నమ్మలేదు. స్నానం మాత్రం అక్కడ చెయ్యకండి, అల లాగేస్తుంది. ఋషికొండలో అయినా ఒడ్డుకి దగ్గరగానే.

రెండోది అనకాపల్లి వైపు, దీనికి చుట్టాలెవరూ రారు. శంకరం దగ్గర బొజ్జన్నకొండ, పక్కనే లింగాలకొండ. రాతిని తొలిచిన గుహల్లో బుద్ధుడు, కొండ మీద వరసగా చిన్న స్తూపాలు. వాటిని శివలింగాలనుకునే జనం ఆ పేరు పెట్టారు. నీడ తక్కువ, పొద్దున్నే చూసెయ్యాలి. అక్కడి నుంచి కొండకర్ల ఆవ, అంటే పెద్ద మంచినీటి చెరువు. పక్షులు చలికాలంలోనే, కానీ మేం వెళ్ళింది దోనె కోసం. రెండు తాటి మొద్దులు తొలిచి పక్కపక్కన కట్టిన దోనె, గెడతో నడుపుతారు. కాలు పెట్టగానే ఊగుతుంది. బొర్రాలో మొదటి హాలు దాటని మా అత్తయ్య, "ఏటి, ఇది మా ఊళ్ళో చిన్నప్పుడు ఎక్కేదాన్నే," అని చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నారు. తామరాకుల మధ్యకి వెళ్ళాక వంగి ఒక పువ్వు కోయబోతే దోనె వాడు "కదలకమ్మా" అని గదిమాడు. ఆవిడ వినలేదు.

తిరిగొస్తూ అనకాపల్లిలో రెండు బెల్లం దిమ్మలు కొన్నాం. ఒకటి హైదరాబాద్‌కి. ఈసారి మా ఆడపడుచు వస్తే అరకు కంటే ముందు ఆ దోనె ఎక్కిస్తానని అత్తయ్యే ఫోన్ చేసి చెప్పారు. "దోనె కాదమ్మా, ఒక్కరోజే కదా, అరకు," అని అటునుంచి జవాబు.