మీటప్‌లో వీఆర్ డెమో: పీసీ హెడ్‌సెట్టా, స్టాండలోన్ హెడ్‌సెట్టా?

2016లో వచ్చిన హెచ్‌టీసీ వైవ్ లాంటి, కంప్యూటర్‌కి వైరుతో కలిపి వాడే పీసీ హెడ్‌సెట్, 2020లో వచ్చిన క్వెస్ట్ 2 లాంటి, కంప్యూటర్ లేకుండా తనంతట తానే నడిచే స్టాండలోన్ హెడ్‌సెట్: మీటప్‌కి ఏది తీసుకెళ్లాలి? చాలామందికి తొలిసారి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) చూపించాలంటే నా ఓటు స్టాండలోన్‌కే.

గ్రాఫిక్స్‌లో పీసీదే పైచేయి, అందులో సందేహం లేదు. నీడలు, అద్దాల మెరుపులు దాని మీదే బాగా తేలతాయి. కానీ వైవ్‌కి, హెడ్‌సెట్ ఎక్కడుందో కనిపెట్టడానికి సాయపడే రెండు బేస్ స్టేషన్లను ఎదురెదురు మూలల్లో ఎత్తుగా పెట్టాలి, ప్లగ్ పాయింట్లు వెతుక్కోవాలి. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లు గిర్రున తిరిగితే వైరు కాళ్లకు చుట్టుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికి వెనకాలే ఒక మనిషి ఉండాల్సిందే.

క్వెస్ట్‌ని సంచిలో వేసుకెళ్లి, హెడ్‌సెట్ పెట్టుకుని కంట్రోలర్‌తో నేల మీద ఆడే చోటుకి హద్దు గీసుకుంటే పని మొదలు. ఛార్జ్ మాత్రం రెండు మూడు గంటలే నిలుస్తుంది, పవర్ బ్యాంక్ తప్పనిసరి. అసలు టెన్షన్ కాస్టింగ్‌తో, అంటే హెడ్‌సెట్‌లో కనిపించేదాన్ని వైఫై ద్వారా ఫోన్‌లోనో టీవీలోనో చూపించడంతో. హాల్ వైఫై మొరాయిస్తే, లోపల ఏం కనిపిస్తోందో మనకు తెలియదు. "ఎడమవైపు బటన్ నొక్కండి" అని ఊహించి చెప్పాల్సి వస్తుంది. పీసీకైతే మానిటర్ ఉంటుంది, వరుసలో నిలబడ్డవాళ్లకీ కాలక్షేపం. అందుకే స్టాండలోన్ తెచ్చేవాళ్లు సొంత హాట్‌స్పాట్ వెంట ఉంచుకోవాలి.

మీరే తయారుచేసిన భారీ సీన్ చూపించాలంటే మాత్రం పీసీయే. క్వెస్ట్‌ని కేబుల్‌తో పీసీకి కలిపే వీలూ ఉంది.

ఏది తెచ్చినా కొత్తవాళ్లకు రోలర్ కోస్టర్ పెట్టకండి, కళ్లు తిరుగుతాయి. నిలబడి వస్తువులు పట్టుకునే యాప్ చాలు.