పీహెచ్‌క్యూ-9: మా నాన్న నింపిన తొమ్మిది ప్రశ్నల కాగితం

ఈ ఏడాది మా ఇంటికి బాగా పనికొచ్చిన వస్తువు ఒక ఏ4 కాగితం. జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తే రెండు రూపాయలైంది. దాని పేరు పీహెచ్‌క్యూ-9. డిప్రెషన్ ఉందేమో ముందుగా పసిగట్టడానికి డాక్టర్లు వాడే ప్రశ్నల పట్టీ ఇది. కర్ట్ క్రోంకీ, రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్ అనే అమెరికా పరిశోధకులు దీని మీద పరిశోధన వ్యాసం ప్రచురించింది 2001లో. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తెలుగులో కూడా దొరుకుతుంది. నాకు ఇది ఎప్పుడు తెలిసిందంటే, నాన్నకి అన్ని టెస్టులూ చేయించి అలిసిపోయాక.

నాన్న ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అమ్మా నాన్నా ఒంగోలులో, నేను హైదరాబాదులో. రిటైరైన మొదటి ఏడాది బాగానే గడిచింది, తర్వాత మొదలైంది కడుపుబ్బరం, ఛాతీ మీద ఏదో బరువు, కాళ్ళు పీకడం, మెలకువ తెల్లవారుజాము మూడింటికే. ఈసీజీ తీశారు, ఎకో తీశారు, ఎండోస్కోపీ కూడా అయింది. రిపోర్టులన్నీ నార్మల్. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "గ్యాసేనండీ, టెన్షన్ పెట్టుకోకండి" అని మూడుసార్లు అదే బిళ్ళ రాసిచ్చారు, మేము కూడా హమ్మయ్య గుండెకేం లేదు అనుకుని ఇంటికొచ్చేశాం. ఆయన నిద్ర ఎట్లా ఉందో, రోజంతా ఏం చేస్తున్నారో అక్కడ ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే మేమూ అడగలేదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన కుర్చీ కింద పేపర్ల దొంతర కనిపించింది, ఒక్కదానికీ రబ్బరు బ్యాండు తియ్యలేదు. మా నాన్న పేపరు చదివే తీరు తెలిసినవాళ్ళకే అది ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది. జిల్లా ఎడిషన్‌తో మొదలుపెట్టి బస్సుల వార్త ఏదైనా ఉంటే బిగ్గరగా చదివి, చివర్న నివాళి ఫొటోల దాకా చూసి, తెలిసిన మొహం కనిపిస్తే అప్పటికప్పుడు ఫోన్ చేసే మనిషి. సాయంత్రం టీకొట్టు దగ్గర పాత డ్రైవర్లంతా చేరతారు, అక్కడికీ పోవట్లేదట. "రేపు పోతాలే" అంటున్నారు. మా చిన్నాడు రిమోటు అడిగితే గట్టిగా కసిరారు, వాడు బిక్కమొహం వేశాడు. అమ్మని అడిగితే "వయసుకదే, ఊరికే కూర్చుంటే ఇట్టానే ఉంటది" అంది.

ఆ రాత్రి ఫోన్‌లో వెతుక్కుంటుంటే ఈ కాగితం కనిపించింది. గడిచిన రెండు వారాల్లో ఫలానా సమస్య మిమ్మల్ని ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టింది అని అడుగుతుంది. అసలు లేదంటే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజుల కంటే ఎక్కువైతే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27కి. మొదటి ప్రశ్నే పనుల మీద ఆసక్తి పోయిందా, ఏం చేసినా సంతోషంగా లేదా అని. ఏడో ప్రశ్న మనసు నిలవకపోవడం గురించి, అందులో ఇచ్చిన ఉదాహరణ ఏంటో తెలుసా, పేపరు చదవడం, టీవీ చూడటం. అది చదివి అట్లాగే కూర్చుండిపోయాను.

నాన్న చేత నింపించడం మాత్రం తేలిక కాలేదు. "నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తావా ఏంది తల్లీ?" అన్నారు. మా వైపు ఈ మాట రాగానే అందరికీ వైజాగ్ ఆసుపత్రే గుర్తొస్తుంది, హైదరాబాదులో అయితే ఎర్రగడ్డ పేరు చెప్పి తిట్టుకుంటారు. మనిషికి జ్వరం చూసినట్టు మనసుకి కూడా చూస్తారని చెప్పే అలవాటే మనకి లేదు. అందుకని ముందు నేను నింపాను, ఆయన ముందే, నాకు వచ్చిన మార్కులు దాచకుండా చూపించాను. ఆఫీసు పనితో నాకూ నిద్ర సరిగ్గా లేదు, 6 వచ్చింది. అది చూశాక కళ్ళజోడు తీసుకురమ్మన్నారు.

రెండో ప్రశ్న, దిగులుగా ఉంటోందా అన్నదానికి 1 వేశారు. "దిగులేం లేదు, ఏదో అప్పుడప్పుడు." నిద్రకి 3. నీరసానికి 2. ఆకలికి 0. ఆరో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. మీ మీద మీకు చెడుగా అనిపిస్తోందా, ఓడిపోయాననో కుటుంబాన్ని నిరాశపరిచాననో అనిపిస్తోందా అని ఆ ప్రశ్న. చాలాసేపు చూసి 3 దగ్గర టిక్కు పెట్టి, కాగితం మీద నుంచి తలెత్తకుండా, "మీకెవురికీ ఏమీ చెయ్యలేకపోయాగా" అన్నారు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. ఇద్దరు పిల్లల్ని చదివించి, ఇల్లు కట్టి, ఇన్నేళ్ళు బస్సు నడిపిన మనిషి రోజూ ఆ కుర్చీలో కూర్చుని ఇదే తలుచుకుంటున్నారని మాకెవరికీ తెలియదు. ఇన్ని వేలు పోసి తీయించిన స్కానింగుల్లో రాని సంగతి అక్కడ బయటపడింది.

మొత్తం 14. ఈ కాగితం లెక్కలో 5 నుంచి 9 తక్కువ స్థాయి, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 ఇంకా ఎక్కువ, 20 నుంచి తీవ్రం. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ని కలవడం మంచిది. అంతేగానీ ఇది రోగనిర్ధారణ కాదు, మార్కులు చూసి మందుల షాపుకి పరిగెత్తకండి.

తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలియక ఆ సాయంత్రం 14416కి ఫోన్ చేశాను. ఇది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ, రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళ గురించి మనమూ అడగొచ్చు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా ఫోన్ ఎత్తిన ఆవిడ విని, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్ళమని, పాత రిపోర్టులు, ఈ కాగితం కూడా వెంట పెట్టుకోమని చెప్పారు. మళ్ళీ ఎవరి ముందూ మొదటి నుంచి చెప్పుకునే పని లేకుండా పోయింది, ఆ ఒక్క సలహాకే ఆవిడకి రుణపడి ఉంటాను.

అక్కడి డాక్టరు కాగితం చూసి, థైరాయిడ్, బీ12, రక్తం శాతం పరీక్షలు రాశారు, ఎందుకంటే అవి తేడాగా ఉన్నా నీరసం, దిగులు ఇట్లాగే వస్తాయట. ఏ బీపీ బిళ్ళ వాడుతున్నారో కూడా అడిగారు. అవన్నీ చూశాకే మందు మొదలుపెట్టారు. వెంటనే తేడా తెలియదు, కొన్ని వారాలు పడుతుంది, బాగున్నట్టు అనిపించగానే సొంతంగా ఆపొద్దు అని అమ్మకి రెండుసార్లు చెప్పి పంపారు.

కాగితంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. మాకు దొరికిన తెలుగు ప్రింటులో "నిస్పృహ" లాంటి మాటలున్నాయి, నాన్న "అంటే ఏంది?" అని నన్నే అడిగారు. ఇంట్లో మాట్లాడే తెలుగులో రాస్తే ఏం పోయేది? నిద్ర పట్టకపోవడం, అతిగా పడుకోవడం ఒకే ప్రశ్నలో కలిపేశారు. అన్నిటికంటే పెద్ద లోటు, ఒళ్ళునొప్పులు, కడుపుబ్బరం, చిరాకు గురించి ఒక్క ప్రశ్నా లేదు. మన ఇళ్ళల్లో మగవాళ్ళు బాధగా ఉందని చెప్పరు, గ్యాస్ అంటారు, నరాల బలహీనత అంటారు, లేదా పిల్లల మీద అరుస్తారు. మా నాన్న రెండో ప్రశ్నకి 1 వేసి, మొదటి దానికి 3 వేశారు చూడండి, అందుకే ఇంట్లోవాళ్ళు దిగులు కంటే ముందు ఆ ఆసక్తి సంగతి గమనించాలి. రోజూ ఇష్టంగా చేసే పని ఏది మానేశారు? అదే మొదట అడగండి.

తొమ్మిదో ప్రశ్న గురించి విడిగా చెప్పాలి. చచ్చిపోతే బాగుండు అనిగానీ, తమకి తాము హాని చేసుకోవాలనిగానీ ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది. అడగడానికి నాకు నోరు రాలేదు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమో అని భయం. అట్లా జరగదని, సూటిగా అడిగితేనే మనిషి చెప్పుకోగలుగుతాడని డాక్టరు తర్వాత చెప్పారు. నాన్న 0 వేశారు. మీ ఇంట్లో ఎవరైనా అక్కడ 0 కాకుండా ఏది పెట్టినా మొత్తం మార్కులు కూడుతూ కూర్చోకండి, మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ కాగితానికి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది తెలుగు మాటల కోసం, ఒంటి బాధల ప్రశ్న లేనందుకు.

రెండు నెలలకి మళ్ళీ నింపించాను, 6 వచ్చింది. నిద్ర ప్రశ్న దగ్గర 2 పెట్టి, మళ్ళీ కొట్టేసి, "ఇది దిగులు వల్ల కాదు, రాత్రి మీ అమ్మ గురక వల్ల, దీన్ని ఎట్టా లెక్కేస్తారు?" అని నాతో అరగంట వాదించారు. చివరికి 1 వేశారు. వేసి, కాగితం పక్కన పెట్టి, ఇంకా పేపరు రాలేదేందని గేటు దాకా వెళ్ళి చూసొచ్చారు.