ఆవ్ నాంగ్ నాలుగు దీవుల పడవ: టికెట్ కొనేముందు తిథి చూడండి

థాయ్‌లాండ్‌లో క్రాబి దాకా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఎక్కేది ఈ పడవే. పొద్దున ఆవ్ నాంగ్ ఒడ్డున బయలుదేరి ప్రా నాంగ్ గుహ బీచ్, చికెన్ ఐలాండ్, టుప్, పోడా తిప్పుతుంది. మధ్యలో మూడు నాలుగు చోట్ల ఈతకు దింపి, సాయంత్రానికి మళ్లీ ఒడ్డుకు చేరుస్తుంది. బీచ్ రోడ్డు పొడవునా టూర్ కౌంటర్లే. దాదాపు ప్రతి కౌంటరులోనూ ఒకటే ఫొటో కనిపిస్తుంది: ఆకుపచ్చ నీళ్ల మధ్య తెల్లటి ఇసుక బాట, దాని మీద నడిచివెళ్తున్న జనం. ఆ బాట మీకూ కనిపించాలంటే ఏ కౌంటరులో కొన్నారు, ఎంత బేరమాడారు అన్నది పెద్ద లెక్కలోకి రాదు. ఏ తిథిన, ఏ గంటకు అక్కడికి చేరారన్నదే ముఖ్యం.

ఆ ఇసుక బాట పేరు తలే వేక్. టుప్, మోర్ అనే రెండు చిన్న దీవుల్నీ చికెన్ ఐలాండ్‌నీ కలుపుతుంది. పాటు సమయంలో నీళ్లు తీసేస్తే బయటపడుతుంది, పోటు మీద ఉంటే పూర్తిగా మునిగిపోతుంది. మునిగినప్పుడు వెళ్తే చూడ్డానికి మిగిలేది రెండు రాతిగుట్టలు, వాటి మధ్య నీళ్లు, చుట్టూ లంగరేసిన పడవలు. డబ్బు దండగ అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

లెక్క కష్టమేమీ కాదు. అక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ్టి కంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకూ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీటిమట్టంలో తేడా ఎక్కువ. క్రాబి తీరంలో అప్పుడు రెండు, రెండున్నర మీటర్ల పైనే ఉంటుంది. అష్టమి ప్రాంతాల్లో తేడా బాగా తగ్గిపోయి, పాటు సమయంలో కూడా బాట సరిగా తేలదు. కాబట్టి ఇంట్లో గోడమీది క్యాలెండర్లో త్రయోదశి నుంచి చవితి దాకా ఉన్న రోజుల్ని గుర్తుపెట్టుకుని, సెలవు వీలైనంతవరకు వాటిలో పడేట్టు చూసుకోండి. తర్వాత క్రాబి ఆటుపోట్ల పట్టిక ఆన్‌లైన్లో తీసి, పగటిపూట నీళ్లు బాగా తగ్గే సమయం చూడండి. దానికి గంట ముందు నుంచి గంట తర్వాత వరకు టుప్ దగ్గర ఉండాలి. ఆ సమయం సాయంత్రంలోకి జరిగిపోతే పొద్దున టూరు కొనకండి. మధ్యాహ్నం బయలుదేరి సూర్యాస్తమయం దాకా తిప్పేవి కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని చీకటి పడ్డాక నీళ్లలో మిణుకుమనే ప్లవకాలనే సన్నటి జీవులను చూపించడానికి మళ్లీ ఈతకు దింపుతాయి. వెన్నెల తక్కువగా ఉన్న రోజుల్లోనే అది చూడదగ్గది కాబట్టి అమావాస్య వైపు రోజులు మేలు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నీళ్లు మరీ తగ్గిపోయినప్పుడు పగడాలు పైకి దగ్గరై మోకాళ్లు గీసుకుపోతాయి. ఆవ్ నాంగ్ ఒడ్డు దగ్గర పడవ అడుగు ఇసుకకు తగిలి ఆగిపోతుంది, ఆ బురదనీళ్లలో దిగి చాలా దూరం నడవాల్సి వస్తుంది. మీకు బాట ముఖ్యమా, చేపలు ముఖ్యమా ముందే తేల్చుకోండి. పక్కనే ఉన్న హాంగ్ దీవుల టూరుకు లెక్క తలకిందులు. అక్కడ కొండల నడుమ ఉన్న మడుగులోకి పడవ వెళ్లాలంటే నీళ్లు తగినంత ఉండాలి. ఒకే రోజు రెండు టూర్లూ బ్రహ్మాండంగా ఉంటాయని కౌంటరులో ఎవరైనా చెబితే చిరునవ్వు నవ్వి ఊరుకోండి.

ఇక పడవ సంగతి. ఎంచుకోవడానికి మూడు దారులున్నాయి: అందరితో కలిసి లాంగ్‌టెయిల్, అందరితో కలిసి స్పీడ్‌బోటు, మీ ఒక్కరికే మాట్లాడుకున్న లాంగ్‌టెయిల్. లాంగ్‌టెయిల్ అంటే చెక్క పడవ. వెనక ఒక లారీ లేదా కారు ఇంజను బిగించి, దానికి పొడవాటి ఇనప కడ్డీ, కడ్డీ చివర పంకా తగిలిస్తారు. నడిపేవాడు ఆ మొత్తాన్ని చేత్తో తిప్పుతాడు, లోతు తక్కువైతే పైకి ఎత్తేస్తాడు. ఒడ్డుదాకా రాగలగడం దీని గొప్ప. చెవులు చిల్లులు పడే చప్పుడు దీని లోపం. వెనక వరసలో చంటిపిల్లలతో కూర్చోకండి, చెవుల్లో దూది పెట్టుకున్నా తప్పులేదు. పోడాకు అరగంట లోపే చేరుస్తుంది. స్పీడ్‌బోటుకు అందులో సగం సమయం చాలు కానీ అల మీద ముందు భాగం ఎగిరి ఎగిరి పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు వెనక్కి కూర్చోవాలి. గర్భిణులను చాలా స్పీడ్‌బోట్లు ఎక్కించుకోవు, అది సబబే.

నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి మా సిఫారసు సొంతంగా మాట్లాడుకునే లాంగ్‌టెయిల్. ఆవ్ నాంగ్ ఒడ్డునే పడవలవాళ్ల సహకార సంఘం కౌంటరు ఉంటుంది, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. నాలుగు గంటలకు, పూర్తి రోజుకు వేర్వేరు రేట్లు. సగం రోజుకు రెండు వేల బాత్‌ల పైచిలుకు, పూర్తి రోజుకు మూడు వేల అటూ ఇటూ అనుకోండి, సీజన్‌ను బట్టి మారుతుంది. అది మనిషికి కాదు, పడవకు. ఐదుగురు పంచుకుంటే కలిసివెళ్లే స్పీడ్‌బోటు టికెట్ కంటే ఎక్కువేమీ పడదు. అన్నిటికంటే పెద్ద లాభం, గడియారం మీ చేతిలో ఉంటుంది. కలిసివెళ్లే టూర్లు చాలావరకు తొమ్మిదికి కాస్త అటూ ఇటూగా కదిలి, ప్రా నాంగ్‌తో మొదలుపెట్టి, మధ్యాహ్న భోజనానికి పోడా చేరతాయి. మీరు ఎనిమిదికే కదిలి పోడా ముందు పెట్టుకుంటే బీచ్ దాదాపు ఖాళీగా దొరుకుతుంది. ఆ తర్వాత టుప్‌కు ఎప్పుడు వెళ్లాలో పాటు సమయాన్ని బట్టి పడవవాడికి చెప్పండి. నీళ్ల సంగతి అతనికి మీకంటే బాగా తెలుసు. పట్టిక చూపించి అడిగితే సంతోషంగా వరస మారుస్తాడు. ఇద్దరే ఉంటే మాత్రం కలిసివెళ్లే లాంగ్‌టెయిల్ చాలు.

ఈ దీవులు జాతీయ ఉద్యానవనంలోవి కాబట్టి పార్కు రుసుము విడిగా కట్టాలి. నాలుగు దీవులకు విదేశీ పెద్దలకు 200 బాత్‌లు, పిల్లలకు 100. టికెట్ ధరలో ఇది కలిసి ఉందో లేదో రశీదు మీద రాయించుకోండి. బుకింగ్ అప్పుడు పేరు, పాస్‌పోర్టు నంబరు అడిగితే కంగారుపడకండి, అది బీమా కోసం. అసలు అడగని చోటే అనుమానించాలి.

ఈత మజిలీలన్నీ ఒకలాంటివి కావు. చికెన్ ఐలాండ్ దగ్గర సాధారణంగా ఒడ్డుకు వెళ్లకుండా పడవ మీంచే దింపుతారు. కోడి మెడలా నిలబడిన రాయి పక్కన, కాలు అందని లోతులో. చేపలు కనిపించేది ఇక్కడే, ఈత రానివాళ్లు భయపడేదీ ఇక్కడే. దిగేముందు మూడు పనులు చేయండి. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీకు వదులు, వేరేది అడగండి. నీళ్లలో చూడ్డానికి పెట్టుకునే అద్దం మాస్కును పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేతులు వదిలినా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. అంచు కింద వెంట్రుకలు ఇరుక్కున్నా, గుబురు మీసం ఉన్నా నీళ్లు కారతాయి. మీసాల రాయుళ్లు పైపెదవి మీద కాస్త వాజిలీన్ రాసుకుంటే కొంత నయం. అద్దం మసకబారకుండా లోపలివైపు ఉమ్మి రాసి ఒక్కసారి కడగడం పాత పద్ధతి, బేబీ షాంపూ చుక్కతోనూ అదే పని జరుగుతుంది. మూడోది, తాడు కట్టిన రింగు నీళ్లలోకి వేయమని అడగండి. చాలా పడవల్లో ఉంటుంది, అడగనిదే వేయరు. దాన్ని పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టి నోట్లోని గొట్టంతో ఊపిరి తీయడం అలవాటయ్యాకే వదలండి. గొట్టంలోకి నీళ్లు వస్తే కంగారుగా పీల్చకుండా గట్టిగా ఊదేయాలి. కచ్చులూరు పేరు మరచిపోని మనవాళ్లకు జాకెట్ ఎందుకని వేరే చెప్పక్కర్లేదు కానీ, ఫొటో కోసం విప్పేవాళ్లు ప్రతి పడవలోనూ ఒకరుంటారు.

తిరిగి ఎక్కేటప్పుడు పడవ వెనక వైపు నుంచి ఎప్పుడూ రావద్దు. ఇంజను ఆగి ఉన్నా సరే. ఆ పొడవాటి కడ్డీ పక్కలకు తిరుగుతుంది, చివర పంకాకు చాలాసార్లు తొడుగు ఉండదు. పక్కన వేలాడదీసిన నిచ్చెన దగ్గరికి వచ్చి, ఒకరు పూర్తిగా ఎక్కాకే ఇంకొకరు పట్టుకోవాలి. అలకు నిచ్చెన ఊగుతుంది, కింద చేతులుంటే నలుగుతాయి. జీన్సు, నూలు చుడీదార్ నీళ్లు తాగి బరువెక్కుతాయి. ఆ బరువుతో నిచ్చెన ఎక్కలేక ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ. ఒంటినిండా బట్ట కావాలంటే నైలాన్ లెగ్గింగ్స్, పొడుగు చేతుల స్విమ్ టీషర్టు బాగా పనికొస్తాయి. పైగా సన్‌స్క్రీన్ బాధ తగ్గుతుంది. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ లాంటి నాలుగు రసాయనాలున్న సన్‌స్క్రీన్లను థాయ్ జాతీయ ఉద్యానవనాల్లో 2021లో నిషేధించారు, జరిమానా లక్ష బాత్‌ల దాకా ఉంది. ఇక్కడినుంచి ట్యూబు పట్టుకెళ్లేముందు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. చేపలకు బ్రెడ్డు వేయడం కూడా నిషిద్ధమే, గైడే చేతిలో పెట్టినా వద్దనండి.

ఈత రానివాళ్లకు, పిల్లలకు పోడా ఉత్తమం. పొడవైన ఇసుక ఒడ్డు, నెమ్మదిగా దిగే లోతు, చెట్ల నీడ, మరుగుదొడ్డి అన్నీ ఉన్నాయి. లాంగ్‌టెయిల్‌లో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి ఆ సంగతి పోడాలోనే చూసుకోండి. పడవలు ఆగేవైపు కాకుండా తాడు, బోయలు కట్టిన హద్దు లోపలే ఈదాలి. టుప్ దగ్గర బాట మీద నడుస్తూ నీళ్లు మోకాలు దాటాయంటే, ఒకవైపు నుంచి రెండోవైపుకు లాగుతున్నట్టు అనిపిస్తే, అది మళ్లీ పోటు మొదలైన గుర్తు. అవతలి దీవి మీద ఉంటే వెంటనే వెనక్కి రండి. ఆ వేళ పిల్లల చెయ్యి వదలకండి. ప్రా నాంగ్‌లో గుహలోని అమ్మవారికి మత్స్యకారులు చెక్క లింగాలు మొక్కుగా పెడతారు. అక్కడ వెకిలి ఫొటోలు వద్దు. అక్కడి కోతులకు సంచి జిప్పు తీయడం వచ్చు.

రాళ్ల మధ్య నల్లటి ముళ్లతో సముద్రపు ముళ్లబంతులు ఉంటాయి, కాబట్టి రబ్బరు అడుగున్న నీటి బూట్లు తప్పనిసరి. అలాగని పగడం మీద నిలబడకూడదు. ముల్లు గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టి ఉంచితే నొప్పి తగ్గుతుంది. జెల్లీ చేప తగిలితే రుద్దకండి, మంచినీళ్లు పోయకండి, కనీసం అర నిమిషం వెనిగర్ పోయాలి. పడవలో వెనిగర్ సీసా ఉందా అని ఎక్కేముందే అడగండి.

భోజనం మాత్రం ఈ టూరులో బలహీనమైన భాగం. కలిసివెళ్లే టూర్లలో ఫ్రైడ్ రైసో, కోడి వేపుడుతో అన్నమో డబ్బాలో ఇస్తారు. శాకాహారమని చెప్పినా చేపల సాస్, ఆయిస్టర్ సాస్ పడే అవకాశం ఉంది. "జే" అని చెబితే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేనిదని వాళ్లకు అర్థమవుతుంది, ఆ మాట ముందురోజే చెప్పాలి. అంతకంటే సులువైన మార్గం ముందు రాత్రి ఆవ్ నాంగ్‌లోని ఏదో భారతీయ హోటల్లో నిమ్మకాయ అన్నం కట్టించుకోవడం. అయితే స్టీలు డబ్బాలోనే తీసుకెళ్లండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్, థర్మోకోల్ పెట్టెలు పార్కులోకి తేకూడదు.

కడుపు తిప్పేవాళ్లు మాత్ర వేసుకోవాల్సింది పడవ ఎక్కాక కాదు, కనీసం గంట ముందు. నిద్రమత్తు వచ్చే మాత్రలు వేసుకుని లోతు నీళ్లలోకి దిగడం మంచిది కాదు, కాబట్టి డాక్టరును అడిగి తీసుకోండి. ఫోను పౌచ్‌లో ముందు టిష్యూ కాగితం పెట్టి బకెట్లో పది నిమిషాలు ముంచి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే ఫోను పెట్టండి.

ఫి ఫి దీవుల టూరా, ఇదా అని ఊగిసలాడేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ పార్కు రుసుము 400 బాత్‌లు, ప్రయాణం ఎక్కువసేపు. పైగా పేరుమోసిన మాయా బేలో ఈత నిషేధం. 2018లో మూసి, 2022 జనవరిలో తెరిచినప్పటినుంచి మోకాలి లోతు దాటి దిగనివ్వరు, ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో పూర్తిగా మూసేస్తారు. చూడ్డానికైతే ఫి ఫి, ఈతకైతే నాలుగు దీవులు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు వరకు నైరుతి గాలి సరిగ్గా ఈ తీరానికే తగులుతుంది. 2018 జులై 5న ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే పర్యాటక పడవ మునిగి 47 మంది పోయింది ఈ కాలంలోనే. ఆ నెలల్లో ధర సగానికి పడినా, ఒడ్డున ఎర్ర జెండా ఉంటే పడవవాడు వస్తానన్నా మీరు ఎక్కకండి. వాతావరణం వల్ల రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే రోజుకు మారుస్తారా అన్నది టికెట్ మీదే రాయించుకోండి. క్రాబిలో చివరి రోజుకు ఈ టూరు పెట్టుకుంటే మార్చుకోవడానికి వేరే రోజే ఉండదు.