మూసుకున్న సెగగడ్డ మీద మ్యూపిరోసిన్ ట్యూబు దండగ

ఎండలు ముదిరాయంటే మందుల షాపులో రోజూ వినిపించే మాట: "సెగగడ్డ లేచింది, పూతమందు ఏదైనా ఇవ్వండి". చేతికొచ్చేది చాలాసార్లు 2 శాతం మ్యూపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, 5 గ్రాముల ట్యూబు. మందు మంచిదే. కానీ చాలామంది అది పనిచేయని రోజుల్లో పూసి పూసి, పనిచేసే రోజు వచ్చేసరికి ట్యూబు ఖాళీ చేసుకుంటారు.

సెగగడ్డ వెంట్రుక కుదురులో పుడుతుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అందులోకి దిగితే అడుగున చీము పడుతుంది. మామిడిపండ్లు తిని వేడి చేసిందని పండు మీద నెపం వేస్తాం గానీ, ఎండాకాలంలో అసలు కారణాలు చెమట, బట్టల రాపిడి, చెమటకాయలను గోళ్లతో గోకడం. మొదటి రెండు మూడు రోజులు గడ్డ ఎర్రగా, రాయిలా గట్టిగా ఉంటుంది. పైన చర్మం మూసుకునే ఉంటుంది. ఆ చర్మం దాటి అడుగున ఉన్న చీముదాకా ఈ మందు దిగదు. చీము చుట్టూ శరీరం గోడ కట్టేస్తుంది కాబట్టి మింగే మాత్రలే లోపలికి సరిగా అందవు, పూత సంగతి చెప్పేదేముంది. అందుకే పచ్చి గడ్డ మీద దీనికి ఐదుకు ఒక్క మార్కు.

ఆ దశలో చేయాల్సింది కాపడం. శుభ్రమైన నూలుగుడ్డను నాలుగు మడతలు వేసి, ముంజేయి ఓర్చుకునేంత వేడినీళ్లలో ముంచి, పిండి గడ్డ మీద పెట్టాలి. గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, మళ్లీ ముంచాలి. ఇలా 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. ఒక్కసారి పెట్టి లాభం లేదని వదిలేయడమే ఇక్కడ జరిగే పొరపాటు. షుగర్‌తో కాళ్ల స్పర్శ తగ్గినవాళ్లు నీటి వేడిని ఇంట్లో ఇంకొకరి చేత చూపించుకోవాలి, లేకపోతే చర్మం కాలినా తెలియదు. సున్నం బెల్లం పట్టు, కాల్చిన ఉల్లిపాయ కట్టు పాతకాలం నుంచీ ఉన్నవే. ఉల్లిపాయ కట్టులో మేలు చేసేది దాని వేడి. సున్నం మాత్రం లేత చర్మాన్ని పుండు చేస్తుంది, పిల్లలకు అసలు వద్దు.

కొన్ని రోజుల్లో గడ్డ మెత్తబడి, నడుమ తెల్లటి మొన తేలి, దానంతటదే పగులుతుంది. నొక్కకూడదు, సూదితో పొడవకూడదు. నొక్కితే చీము బయటికి వచ్చినంత సులువుగా పక్కలకూ పాకుతుంది. ముక్కు మీద, పైపెదవి మీద అయితే ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని, ఎందుకంటే అక్కడి రక్తనాళాలకు మెదడు దగ్గరి నాళాలతో దారి ఉంది.

పగిలిన తర్వాతే ట్యూబు మూత తీయాలి. చీము కారనిచ్చి, సబ్బునీళ్లతో కడిగి, అద్దినట్టు తుడవాలి. వేలి కొసనుంచి మొదటి గీతదాకా పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. రూపాయి బిళ్లంత పుండుకు అందులో సగం కూడా ఎక్కువే. పలుచగా రాసి, గాజుగుడ్డ వేసి, పేపర్ టేపు అంటించాలి. రోజుకు రెండు మూడుసార్లు, 10 రోజులకు మించకుండా. మందును కలిపిన ఆధారం నీళ్లలో కరిగే పాలిఇథిలీన్ గ్లైకాల్ కాబట్టి వాజెలిన్‌లా పట్టి ఉండదు, నీళ్లు తగిలితే పోతుంది. అందుకే కడిగాక రాయాలి, రాసి కడగకూడదు. కాసేపు మంట, దురద మామూలే. వేరే క్రీముతో కలిపి రాస్తే మందు పలుచబడి బలం తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు పెద్ద పుండ్ల మీద వాడకూడదు. పగిలిన గడ్డ మీద మాత్రం దీనికి ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే డాక్టరుకు చూపించాలి.

ఒకదాని వెంట ఒకటి గడ్డలు లేస్తుంటే ముందు షుగర్ పరీక్ష చేయించాలి. బ్యాక్టీరియా ముక్కులో కాపురం పెట్టి ఉంటే, ముక్కులో రాసే మ్యూపిరోసిన్‌ను రోజుకు రెండుసార్లు, 5 రోజులు రాయమంటారు. ఆ రకం వేరు. చర్మానికి కొన్న ట్యూబును ముక్కులో పెట్టకండి. తువ్వాలు, రేజరు ఎవరివి వాళ్లకే ఉండాలి.

చర్మం కింద నొప్పిపెట్టే ప్రతి గడ్డా సెగగడ్డ కాదు, తక్కిన వాటికి ఈ ట్యూబు ఏమీ చేయదు. కాలికి దెబ్బ తగిలి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. మానాల్సింది కాలి పుండు. వీపు మీదో చెవి వెనకో ఏళ్ల తరబడి ఉన్న గడ్డ, నడిమధ్య నల్లటి చుక్క, నొక్కితే వాసన వేసే తెల్లటి ముద్ద ఉంటే అది తిత్తి. వాపు తగ్గాక తిత్తితో సహా కోసి తీస్తేనే పోతుంది, గోడ మిగిలితే మళ్లీ నిండుతుంది. చంకల్లో, గజ్జల్లో మాటిమాటికీ వచ్చి సొరంగాల్లా కలిసిపోయే గడ్డలకు చర్మవ్యాధుల డాక్టరు దగ్గర సుదీర్ఘ చికిత్స కావాలి. మలద్వారం పక్కన గడ్డకు సర్జన్ కోతే. గజ్జల్లో హెర్నియా (పేగు బయటికి పొడుచుకొచ్చిన ఉబ్బు) ఒక్కసారిగా గట్టిపడి, లోపలికి పోకుండా, వాంతులు మొదలైతే అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, గడ్డ నుంచి పాకే ఎర్రటి చార, గంట గంటకూ పెరిగే ఎరుపు కనిపించినా ఆగకూడదు. పెద్ద గడ్డకు అక్కడ చేసేది మత్తు సూది ఇచ్చి, కోత పెట్టి, చీము పూర్తిగా తీసి, రోజూ కట్టు మార్చడం.

కొనేటప్పుడు డబ్బా మీద పేరు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్ కలిసిన క్రీము. ఎరుపు రెండు రోజుల్లో తగ్గినట్టు కనిపిస్తుంది, అడుగున చీము మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలని నిబంధన తెచ్చింది, అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. మ్యూపిరోసిన్ ట్యూబును 25 డిగ్రీలు దాటనివ్వకూడదు. బైకు డిక్కీలో, కిటికీ గట్టు మీద వదిలేయకండి. ఒకరి పుండుకు వాడిన ట్యూబు ఇంకొకరికి వద్దు.